రాయి తాగిన నూనె

చింతాద్రిపేటలో కూవం నది ఒడ్డుకు దగ్గరగా ఉన్న పాత మేడలో మాది మొదటి అంతస్తు. గోడలకు చెమ్మ, మెట్లకు పగుళ్ళు, కుళాయికి ఏడాది పొడుగునా జలుబు. కానీ హాల్లోకి వచ్చినవాళ్ళు మాత్రం చెప్పులు బయటే విడిచినా మరోసారి వంగి అరికాళ్ళు చూసుకునేవారు. అంత తెల్లటి పాలరాయి నేల మాది, హాల్లోనూ పడకగదిలోనూ. అక్కడక్కడా సన్నటి బూడిదరంగు గీతలు, అన్నీ వీధి కిటికీ వైపు సాగుతూ ఉండేవి.

మా ఆయన నరేన్ మనలిలో ఒక కెమికల్ కంపెనీలో పనిచేసేవాడు. సిగరెట్టు లేదు, మందు లేదు, ఆ మనిషికున్న పిచ్చల్లా ఆ నేలే. నిమ్మకాయ కోయాలంటే వంటింట్లోనే కోయాలి. ఫినాయిలు, యాసిడ్ గడప దాటి లోపలికి రాకూడదు. గోరువెచ్చటి నీళ్ళలో నాలుగు చుక్కల సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడవాలి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తాలి. ఏడాదికోసారి సీలర్ అని ఒక ద్రవం తెచ్చి తనే మోకాళ్ళ మీద పాకుతూ పూసేవాడు.

"రాయికి దాహమెక్కువ నివీ. ఏది పోసినా తాగేస్తాది. నోరు మూసి పెట్టాల" అనేవాడు.

"నీకు పెళ్ళాం కన్నా రాయే ఎక్కువ" అని ఉడికించేదాన్ని.

"రాయి ఎదురు మాట్లాడదు కదా" అనేవాడు.

ఈ ఏడాది సీలర్ డబ్బా తెచ్చాడు గానీ పూయలేదు. ఒక ఆదివారం పొద్దున హాల్లో నేల తుడుస్తూ తుడుస్తూ పక్కకు ఒరిగిపోయాడు. ఏదో మరకను పట్టి పట్టి చూస్తున్నాడనుకున్నాను. పిలిస్తే పలకలేదు. గుండె అన్నారు డాక్టర్లు.

ప్రాణం పోయిన చోట దీపం పెట్టాలి. పదో రోజు దాకా దాన్ని కొండెక్కనివ్వకూడదు. మా అత్త అలమేలు ఇత్తడి ప్రమిద తెచ్చి నేల మీదే పెట్టింది. కింద పళ్ళెం పెట్టాలని ఎవరికీ తోచలేదు. అలాంటివి తోచే మనిషి పోయాడు మరి. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టమూ దీపం ఎక్కడ ఆరిపోతుందోనని ప్రమిద పొంగేదాకా నువ్వుల నూనె పోసి పోయేవాళ్ళే. పదో రోజు ప్రమిద తీస్తే దాని కింద అన్నం కంచమంత పసుపుపచ్చ మరక. నరేన్ చూసుంటే ఇల్లు పీకి పందిరేసేవాడు. అది తలుచుకుని నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూ అక్కడే కూలబడి ఏడ్చాను.

ఆ తర్వాత మా ఆశ ఆ మరక మీదికి చేరింది.

ఆశకు ఐదేళ్ళు. మొదట ఆడుకునేది అక్కడే. తర్వాత తినేదీ అక్కడే. తర్వాత పడుకునేదీ అక్కడే, బోర్లా, చెవి నేలకు ఆనించి. ఎవరో ఏదో చెబుతున్నట్టు మధ్యమధ్య తల ఆడించేది.

"ఏంది పాపా చేస్తా ఉండావు?"

"అప్పా మాట్లాడతా ఉండాడు."

అది అప్పా అనేది వాళ్ళ నాన్ననే. అయినా అడిగాను. "ఏమంటా ఉండాడు?"

"ఈడే ఉండమంటాడు. యాడికీ పోవద్దంటాడు."

ఎత్తుకుని మంచం మీద పడుకోబెడితే కెవ్వుమనేది. కాళ్ళు చల్లగా మంచులా అయిపోయేవి, పళ్ళు టకటకా కొట్టుకునేవి. నేను కునుకు తీసి లేచేసరికి మళ్ళీ మరక మీదే ఉండేది. చాప పరిస్తే చాప లాగేసేది. బడి మానేసింది. అన్నం మానేసింది. ఎముకల గూడైపోయింది. ఒక మధ్యాహ్నం బలవంతంగా లేపబోతే చెంప నేలకు అతుక్కుపోయి ఉంది. చిన్న చప్పుడుతో ఊడొచ్చింది. పిల్ల ఒళ్ళంతా నువ్వుల నూనె వాసన.

డాక్టరమ్మ, తండ్రి మీద బెంగ, అదే సర్దుకుంటుంది అంది. ఏం సర్దుకోవడం? నా కళ్ళ ముందే నా బిడ్డ కరిగిపోతూ ఉంది. నాకు నరేన్ మీద పట్టరాని కోపం వచ్చింది. మరక ముందు కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టాను. "తోడు కావాలంటే నన్ను తీసుకుపో. పసిబిడ్డ మీద పడతావా? నువ్వు తండ్రివేనా?" అన్నాను. అతన్ని అన్నేళ్ళు ప్రేమించినదాన్ని, ఆ మాట అనడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు.

మరక తీసేయాలని ఆ రోజే తేల్చుకున్నాను. ఎలా తీయాలో నరేన్ చెప్పిందే. నూనె రాతి లోపలికి పోతే పైన ఎంత రుద్దినా రాదు. పట్టు వేయాలి. వంటసోడాలో గోళ్ళరంగు తుడిచే అసిటోన్ పోసి ఇడ్లీ పిండిలా గట్టిగా కలిపి, మరక మీద మందంగా పరిచి, పైన ప్లాస్టిక్ కాగితం కప్పి అంచులు టేపుతో అంటించాలి. ఒక రోజు వదిలేస్తే ముద్ద ఆరుతూ ఆరుతూ రాతిలోని నూనెను పైకి లాక్కుంటుంది.

ముద్ద కలుపుతుంటే అత్త వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దే నివేదితా. వాని జాడ అదొక్కటే మిగిలుండేది."

"ఆశను చూసినావా అత్తా? ఇంకో వారముంటే ఆ జాడ పక్కన ఇంకో దీపం పెట్టాల్సొస్తాది."

ఆమె నా చెయ్యి వదల్లేదు. "దాన్ని పెరికేస్తే వాడు యాడికి పోతాడు?"

"పోవాల్సిన చోటికే పోతాడు" అన్నాను. చెయ్యి విదిలించుకుని ముద్ద పరిచేశాను.

ఆ రాత్రంతా ఆశను పడకగది మంచం మీద గట్టిగా వాటేసుకుని పడుకున్నాను. పిల్ల ఏడ్చి ఏడ్చి సోలిపోయింది. మర్నాడు పొద్దున్నుంచీ వాన. మధ్యాహ్నానికి కరెంటు పోయింది. సాయంత్రం కాకుండానే ఇల్లంతా చీకటి కమ్ముకుంది. కూవం పొంగి వీధిలోకి వచ్చిందని కింద ఎవరో అరుస్తున్నారు. అత్త కొవ్వొత్తి కోసం వెతకబోతే వద్దన్నాను. అసిటోన్ ఉన్న చోట నిప్పు పనికిరాదు. ఆమెను ఆశ పక్కన కూర్చోబెట్టి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని నేనొక్కదాన్నే హాల్లోకి వచ్చాను.

అసిటోన్ వాసన పోయింది. దాని బదులు నువ్వుల నూనె వాసన, ఆరిన వత్తి వాసన. ఆ రెండూ కలిసి గొంతులో పట్టేస్తున్నాయి.

లైటు పట్టు మీద వేశాను.

ప్లాస్టిక్ కాగితం పైకి లేచింది... కిందికి దిగింది.

గాలి అనుకున్నాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి.

మళ్ళీ లేచింది... దిగింది. నిద్రపోయే మనిషి పొట్టలా... నిదానంగా... ఏ తొందరా లేకుండా.

మోకాళ్ళ మీద కూర్చున్నాను. టేపు అంచు గోటితో లేపాను. కాగితం కింద సన్నటి ఊపిరి చప్పుడు. ఆ తర్వాత గొంతు.

"వద్దు నివీ..."

అది నా మొగుడి గొంతు. జలుబు చేసినప్పుడు ఎలా ఉండేదో అలాగే ఉంది.

"తియ్యబాక... నివీ..."

ఏడుపు ఆగలేదు. వినాలనిపించింది. ఆ ముద్ద మీద తల వాల్చి పడుకోవాలనిపించింది. నా బిడ్డకూ ఇలాగే అనిపించి ఉంటుంది కదా అని గుర్తొచ్చింది. ఆ ఒక్క ఆలోచనే నన్ను నిలబెట్టింది.

"నా బిడ్డను వదిలేయ్" అన్నాను. కాగితం లాగేశాను.

తెల్లగా వేసిన ముద్ద నల్లబడి ఉంది. బాగా ఆరిపోయింది, గట్టిపడింది. అట్లకాడ కింద దూర్చి ఒత్తితే మొత్తం ఒకే బిళ్ళగా లేచొచ్చింది. నేను వేసినదానికన్నా ఎంతో బరువుంది. వెచ్చగా ఉంది. గుండెకు హత్తుకుని వంటింటి బాల్కనీ దాకా మోశాను. కింద సందులో కూవం నీళ్ళు సుళ్ళు తిరుగుతున్నాయి. కళ్ళు మూసుకుని వదిలేశాను. నీళ్ళలో పడ్డ చప్పుడు కూడా వినపడలేదు.

తిరిగొచ్చి సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను. నేల తెల్లగా ఉంది. మరక ఉన్న చోటు కూడా తెలియడం లేదు. వాసన లేదు. చప్పుడు లేదు. అమ్మయ్య అనుకున్నాను. అమ్మవారు గండం గట్టెక్కించిందనుకున్నాను.

"అమ్మా..."

పడకగదిలోంచి ఆశ గొంతు. గుసగుసగా పిలిచింది.

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. ఆశ మంచం మధ్యలో నిలబడి ఉంది. వాళ్ళ అవ్వ కొంగు రెండు చేతులతో పట్టుకుని నేల వైపు చూస్తోంది.

"అమ్మా, అప్పాను ఎందుకు పంపించేసినావు?"

"అప్పా సామి దగ్గరికి పోయినాడు పాపా. ఇంకేం భయం లేదు."

"ఇల్లమ్మా..." అరవంలో కాదంటూ తల అడ్డంగా ఊపింది. "అప్పా వాళ్ళకు అడ్డంగా పండుకోనుండె. ఆయన మింద కూర్చోనుంటే వాళ్ళు నన్ను పట్టుకోలేరంట. అందుకే ఈడే ఉండు, యాడికీ పోబాక అంటా ఉండె."

"వాళ్ళు... ఎవురు?"

"రాయిలో ఉండేవాళ్ళు."

అత్త నా వైపు చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "నా కొడుకును రెండోసారి సాగనంపినావే" అంది. కేకలు వేయలేదు, నెమ్మదిగానే అంది.

అప్పుడు నా వెనక హాల్లో ఏదో... ఇసుక మీద చీర ఈడ్చినట్టు... సన్నటి చప్పుడు.

వెనక్కి తిరిగాను. లైటు వేశాను.

ఎవరూ లేరు. తెల్లటి నేల. నేలలో బూడిదరంగు గీతలు.

గీతలు కిటికీ వైపు లేవు.

అన్నీ నా వైపు తిరిగి ఉన్నాయి. హాలు నాలుగు మూలల నుంచీ... గుమ్మం దాకా... నా పాదాల పక్కగా... నన్ను దాటుకుని... పడకగదిలోకి. నేను చూస్తుండగానే ఒక గీత కొస వేలెడంత ముందుకు జరిగింది. ఆగింది. లైటు పక్కకు తిప్పి మళ్ళీ వేశాను. ఇంకా ముందుంది. మంచం కాలి దగ్గర.

"పైకెక్కవే!" అత్త గట్టిగా అరిచింది.

దూకాను. మంచం కదిలింది. ఆశ పట్టు తప్పి పక్కకు జారింది. గాల్లోనే ఒడిసి పట్టుకున్నాను. పట్టుకున్నాననే అనుకున్నాను... పిల్ల ఎడమ మడమ నేలకు తగిలింది. తగిలీ తగలనట్టు, ఒక్క క్షణం. ఆశ "సల్లగా ఉంది" అంది, అంతే. ఏడవలేదు.

తెల్లారేదాకా ముగ్గురం ఒకరినొకరు పట్టుకుని ఆ మంచం మీదే కూర్చున్నాం. కింద ఆ చప్పుడు మంచం చుట్టూ తిరుగుతూనే ఉంది. నరేన్‌ను పిలిచాను. తిట్టిన నోటితోనే బతిమాలాను. ఒక్కసారి రమ్మన్నాను, ఏం చేస్తే వస్తావో చెప్పమన్నాను. కొడుకు జాడ మళ్ళీ పడుతుందేమోనని అత్త మంచం పక్క గూట్లో ఉన్న నూనె సీసా అందుకుని నేల మీద పోసింది. నూనె నిలవలేదు, రాయి గుటగుటా తాగేసింది. ఎవరూ పలకలేదు.

తెల్లవారి వీధిలో నీళ్ళు మోకాళ్ళకు దిగాక, దుప్పట్లు పరుచుకుంటూ వాటి మీద నడిచి బయటపడ్డాం. ఆశను నా భుజం మీంచి దించలేదు.

ఇప్పుడు ఎన్నూరులో మా అక్క వినోదిని ఇంట్లో ఉన్నాం. ఇక్కడ ఉత్త సిమెంటు నేల, అక్కడక్కడా పెచ్చులు లేచిపోయి ఉంటుంది. దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచొచ్చింది. ఆశ అన్నం తింటోంది. అక్క పిల్లలతో అరవంలో కీచులాడుతోంది. ఒళ్ళు చేసింది. వాళ్ళ అవ్వ నాతో మాట్లాడడం మానేసింది గానీ మనవరాలికి రెండు పూటలా ముద్దలు కలిపి పెడుతుంది. బిడ్డ దక్కింది, అది చాలు అంటోంది అక్క. నేనూ అదే అనుకుంటూ వచ్చాను.

మొన్న స్నానం చేయిస్తుంటే ఎడమ మడమ మీద చిన్న తెల్లమచ్చ కనిపించింది. తోలు ఎండిందనుకుని కొబ్బరినూనె రాశాను. నిన్నటికి మడమంతా తెల్లబడింది. నున్నగా ఉంది, చల్లగా ఉంది. గిల్లితే నొప్పి లేదంటోంది. అందులోంచి సన్నటి బూడిదరంగు గీత ఒకటి చీలమండ దాకా పోయింది. డాక్టరు నరమన్నాడు. పొద్దున చూస్తే అది పిక్క దాకా వచ్చింది.

ఇందాక పిల్ల నిద్రపోతుంటే కాలు ఒళ్ళో పెట్టుకుని మడమ మీద గోటితో తట్టి చూశాను. టక్‌మంది. గభాలున చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

లోపల్నుంచి ఎవరో తిరిగి తట్టారు.