పాత గేటు దగ్గర చెయ్యెత్తితే

చీకటి పడ్డాక పాత గేటు దగ్గర ఎవరు చెయ్యెత్తినా బండి ఆపకూడదు. ఆ ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళు లైసెన్సు కంటే ముందు నేర్చుకునే పాఠం ఇదే.

పాత గేటంటే పాత ఎయిర్‌పోర్టు గేటు. విమానాలన్నీ ఊరవతల కొత్తగా కట్టినదానికి తరలిపోయాయి. గేటు మాత్రం తుప్పు పట్టి అక్కడే ఉండిపోయింది. వెనక గడ్డి మొలిచిన రన్‌వే, ముందు కొత్త ఎయిర్‌పోర్టుకి పోయే పెద్ద రోడ్డు, ఆ రెండిటి మధ్యా ఓ బస్ షెల్టరు.

విమానాలు మారిన మొదటి రాత్రి ఒకావిడ ఆ సంగతి తెలియక ఇక్కడికే వచ్చిందట. కొత్తదానికి వెళ్ళాలని వచ్చేపోయే బండికల్లా చెయ్యెత్తిందట. ఒక్కరూ ఆపలేదు. చివరికి రోడ్డు మధ్యకే వచ్చేసింది... ఆ తర్వాతది వేరే చెప్పక్కర్లేదు.

అప్పట్నుంచీ ఆవిడ అక్కడే నిలబడుతుందంటారు — ఒక్కతే, లేత రంగు బట్టల్లో, ఒక చేతిలో పెట్టె, రెండో చెయ్యి గాల్లో. ఆపినవాడి బండి ఇల్లు చేరదంటారు. నిజమేనా అంటే చూసినవాళ్ళు చెప్పరు, చెప్పేవాళ్ళు చూడలేదు.

ఇంత కథా తెలిసి కూడా చిట్టి ఆ రాత్రి అక్కడే దిగింది.

చిట్టి బట్టల దుకాణంలో కటింగ్ చేస్తుంది. నలభై దాటినా ఇంటా బయటా చిట్టే. చేతిలో కత్తెర ఉంటే ఎవరికీ జంకదు గానీ, ప్రయాణం అంటే చాలు కాళ్ళూ చేతులూ ఆడవు. విమానం ఎక్కడం అదే మొదటిసారి.

సాయంత్రం దూరపు ఊరి నుంచి బావ ఫోన్ చేశాడు. అక్కకి గుండె ఆపరేషన్. వాయిదా వెయ్యడానికి లేదు, పొద్దున్నే లోపలికి తీసుకెళ్తారు. ఫోన్ అక్క లాక్కుంది.

"చిట్టీ... నీ మొహం చూశాకే వెళ్తానని చెప్పేశాను వీళ్ళకి. వస్తావుగా?"

అమ్మ పోయాక జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ అంతా అక్కే. ఆ గొంతులో వణుకు చిట్టి ఎప్పుడూ వినలేదు. దుకాణం యజమాని ఆఖరి విమానానికి టికెట్ తీసిచ్చాడు. ఇక ఎయిర్‌పోర్టుకి చేరడమే మిగిలింది.

అక్కడే వచ్చి పడ్డాడు పైవాటా బాబాయ్. అడిగినా అడక్కపోయినా సలహా ఇవ్వందే ఆయనకి అన్నం అరగదు.

"టాక్సీవాడు నిలువునా ఒలిచేస్తాడు. మెట్రో సగం దాకానే, అక్కణ్ణుంచి మళ్ళీ బండి వెతుక్కోవాలి. ఎయిర్‌పోర్టు కోచ్ బస్సెక్కాలంటే వెనక్కి స్టాండు దాకా పోవాలి. నా మాట విని సిటీ బస్సెక్కి పాత గేటు దగ్గర దిగు. కోచ్ అక్కడ ఆగుతుంది. నేనెన్నిసార్లు వెళ్ళలేదూ!"

"పాత గేటా బాబాయ్..."

"దెయ్యాలంటూ కూర్చుంటే నీకోసం విమానం ఆగుతుందేంటే?"

బాబాయ్ ఎన్నిసార్లు వెళ్ళినా పగలే వెళ్ళాడు. ఆ ఒక్క ముక్కా చెప్పడం మర్చిపోయాడు.

సిటీ బస్సు అక్కడ పూర్తిగా ఆగను కూడా ఆగలేదు. "దిగండి, దిగండి" అని కండక్టరు తొందరపెడితే పెట్టెతో సహా దాదాపు దూకేసింది. షెల్టరులో దీపం లేదు. ఎదురుగా ఓ ప్రకటన బోర్డు మాత్రం వెలుగుతోంది. అందులో ఓ కుటుంబం విమానం మెట్ల మీద నిలబడి నవ్వుతోంది.

కోచ్ వచ్చింది. నుదుటి మీద 'ఎయిర్‌పోర్ట్' అని ఎర్రగా మెరుస్తోంది. చిట్టి ప్రాణం లేచొచ్చి చెయ్యెత్తింది.

కోచ్‌లో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. చీకటి కోచ్ ఒకటి ఆమె పక్కనుంచి ఈల వేస్తున్నట్టు దూసుకుపోయింది.

కోచ్ డ్రైవర్ల అలవాటు అది. రాత్రిపూట ఆ చోటు వచ్చేసరికి లోపలి దీపాలు ఆర్పేస్తారు — చెయ్యెత్తినదానికి లోపల మనుషులున్నట్టు తెలియకూడదని. ఆ సంగతి చిట్టికేం తెలుసు?

ఫోన్‌లో కారు బుక్ చేసింది. ఒకడు వస్తానన్నాడు, మరుక్షణం రద్దు చేశాడు. ఇంకొకడూ అంతే. మూడోవాడు ఫోన్ చేశాడు.

"మేడమ్, ఎక్కడున్నారు?"

"పాత గేటు దగ్గరండీ, షెల్టరులో..."

ఫోన్ కట్టయిపోయింది.

కార్లు వస్తున్నాయి. చెయ్యి ఎత్తగానే పక్కకి తప్పుకుని వేగం పెంచుతున్నాయి. ఒక కారులో ముందు కూర్చున్నావిడ రెండు చేతులతో కళ్ళు మూసుకోవడం ప్రకటన బోర్డు వెలుతురులో స్పష్టంగా కనిపించింది.

అప్పుడు వెలిగింది చిట్టికి. లేత రంగు బట్టలు, చేతిలో పెట్టె, గాల్లో చెయ్యి... వీళ్ళు దెయ్యమనుకుంటున్నది తననే!

నవ్వొచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

"నేను మనిషినండీ!" అని తర్వాతి కారు వెంట పడి అరిచింది. రాత్రిపూట పాత గేటు దగ్గర అలా అరిస్తే ఎవరైనా ఏమనుకుంటారు? ఆ కారు ఇంకా వేగంగా పోయింది.

ఫోన్ మోగింది. బావ.

"ఎక్కడున్నావు చిట్టీ?"

"దార్లోనే ఉన్నా బావా..."

"మీ అక్క పడుకోనంటోంది. తలుపు వైపే చూస్తోంది."

చిట్టి షెల్టరు బల్ల మీద కూలబడింది. అక్క తనని చూడకుండానే లోపలికి వెళ్ళిపోతుంది. మళ్ళీ బయటికి రాకపోతే? దెయ్యం భయం కూడా ఆ బెంగ ముందు చిన్నదైపోయింది.

ఎవరితో చెప్పుకోవాలో తెలియక చీకట్లో ఆ గేటావిడతోనే చెప్పుకుంది.

"అమ్మా... నువ్వున్నావో లేవో నాకు తెలీదు. నీకోసం కూడా ఎవరో ఎదురుచూసే ఉంటారు. నీకెవ్వరూ ఆపలేదు. నాక్కూడా ఆపట్లేదు. మా అక్క నాకోసం మేలుకుని ఉందమ్మా... ఎలాగైనా నన్ను పంపించు."

గేటు వెనక గడ్డి కదిలింది. ఆగింది. గాలేం లేదు...

మెడ వెనక చల్లగా తగిలింది. చిట్టి వెనక్కి తిరగలేదు. తిరిగితే ఇక కాళ్ళు నిలవవని తెలుసు. లేచి, రోడ్డు అంచుకి వెళ్ళి, మళ్ళీ చెయ్యెత్తింది.

ఒక వ్యాను ఆమెని దాటిపోయింది. దాటి... నెమ్మదించింది. ఆగింది. వెనక్కి వచ్చింది!

హోటళ్ళకి ఉతికిన దుప్పట్లు చేరవేసే వ్యాను అది. జుట్టు నెరిసిన డ్రైవరు కిటికీలోంచి తల బయటికి పెట్టి ఆమె వైపు చూశాడు. ఆమె భుజం మీదుగా ఇంకాస్త వెనక్కి చూశాడు. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలాడు.

"ఎయిర్‌పోర్టుకేనా?"

"అవునండీ... విమానం తప్పిపోతుంది. మీకు పుణ్యముంటుంది."

ఆయన దిగి పక్క తలుపు జరిపాడు. లోపలంతా తెల్ల దుప్పట్ల కట్టలు. "సర్దుకోవాలి మరి" అన్నాడు. పెట్టె కోసమే తీశాడనుకుని చిట్టి పెట్టె లోపల పెట్టి, వెళ్ళి ముందు సీట్లో కూర్చుంది. ఆయన ఇంకాసేపు తలుపు పట్టుకుని నిలబడి, తర్వాత మెల్లగా మూశాడు.

దారంతా చిట్టి బావతోనే ఫోన్‌లో మాట్లాడింది. "వచ్చేస్తున్నా, అక్కకి చెప్పు" అన్నమాటే పదిసార్లు. ఒకసారి మాత్రం డ్రైవరు అద్దంలోకి చూసి, "చలేస్తోందా?" అని అడిగాడు. "లేదండీ" అంది చిట్టి.

కొత్త ఎయిర్‌పోర్టు దీపాలు కనిపించాయి. టైముకే వచ్చారు. వ్యాను ఆగేసరికి చిట్టికి మళ్ళీ నవ్వే ధైర్యం వచ్చింది.

"మీరు దేవుడిలా ఆపారు. అక్కడెవరూ ఆపరటగా... నన్ను చూసి దెయ్యమనుకోలేదా?"

ఆయన తేలిగ్గా నవ్వాడు.

"అబద్ధమెందుకు తల్లీ, నాకూ భయమే. ఇన్నేళ్ళుగా ఆ దారిన పోతూ ఏనాడూ ఆపలేదు. మీరొక్కరే అయితే ఇవాళా ఆపేవాణ్ణి కాదు. ఆ దెయ్యం ఒక్కతే ఉంటుందంటారు కదా... ఇద్దరు కనపడేసరికి, మనుషులేలే అని ఆపేశాను."

ఆయన బొటనవేలితో వెనక్కి చూపించాడు.

"వెనకావిడ కునుకు తీసినట్టుంది. లేపండి, మీకు టైమైపోతోంది."

చిట్టి దిగింది. పక్క తలుపు జరిపింది. తెల్ల దుప్పట్లు... తన పెట్టె... పెట్టె పక్కన ఒక కట్ట, మనిషి కూర్చున్నంత మేర అణిగి ఉంది.

పెట్టె లాక్కుని పరుగెత్తొచ్చు. కానీ ఎత్తిన చేతికి ఎవరూ ఆపకపోతే ఎలా ఉంటుందో ఆ రాత్రి ఆమెకి తెలిసొచ్చింది. తలుపు పూర్తిగా తీసి పట్టుకుంది.

"వచ్చేశామమ్మా... దిగు."

ఒక మనిషి దిగడానికి పట్టేంతసేపు అలాగే నిలబడింది. తర్వాత పెట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

విమానం అందింది. తెల్లవారుజామున అక్క చేతిని చేతిలోకి తీసుకుంది. అక్క నవ్వుతూనే లోపలికి వెళ్ళింది, క్షేమంగా బయటికి వచ్చింది. ఈ సంగతులన్నీ చిట్టి గబగబా చెప్పేస్తుంది. చెప్పలేక ఆగేది ఒక్కచోటే.

ఎయిర్‌పోర్టు గాజు తలుపులు ఎవరైనా దగ్గరికి వస్తే వాటంతటవే తెరుచుకుంటాయి, దాటగానే మూసుకుంటాయి. ఆ రాత్రి చిట్టి లోపలికి వచ్చి వెనక్కి తిరిగి చూసింది. బయట మెట్ల మీద ఎవరూ లేరు. తలుపులు మూసుకోబోయి... ఆగి... మళ్ళీ తెరుచుకున్నాయి.