రాగి రంగు చూడాలని

"మూత ఎవరు తీసిండ్రు?"

రెబెకా గొంతులో కోపం లేదు. అందుకే దానియేల్ ఉలిక్కిపడ్డాడు. ఏడాదిగా ఆ ప్రయోగశాలలో ఆమె కోపానికి అతడు అలవాటు పడ్డాడు. ఈ వణుకు మాత్రం కొత్తది.

"నేనే. ఏంది మేడమ్, పొద్దుగాల్నే షురూ జేసినవ్?" అంటూ చేతిలోని ప్లాస్టిక్ ఫిల్మును కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాడు. "చూడు, ఎంత ముద్దుగొచ్చిందో. నీ ముఖం కంటే దీనికే జర కళ ఎక్కువున్నది."

ఆమె ఫిల్మును చూడలేదు. ముందు లేజర్‌ను ఆర్పింది. తరువాత లేజర్ పెట్టె అంచున, మూత తాకే చోట అమర్చిన చిన్న స్విచ్ వైపు చూస్తూ నిలబడిపోయింది. ఉదయం తాను పెట్టిన గుండ్రటి అయస్కాంతం దాని మీద ఇంకా అలాగే అతుక్కొని ఉంది.

వనపర్తిలోని ఆ కళాశాలలో వాళ్లిద్దరి పనీ ఒకే ఫిల్ము మీద సాగుతుంది. రాగి ఆక్సైడ్ నానో రేణువులు కలిపిన నల్లని సిరాతో సన్నని గీతలు అచ్చువేయడం దానియేల్ వంతు. ఆ గీతల వెంట లేజర్‌ను నడిపి, ఆక్సైడును కరెంటు పారే రాగిగా మార్చడం రెబెకా వంతు. పల్లికాయ బస్తాల్లో చెమ్మను కనిపెట్టే పట్టీలకు ఆ గీతలే తీగలు.

ఆ లేజర్ కాంతి కంటికి కనిపించదు, కానీ కంటిని కాల్చేస్తుంది. అందుకే మూత తీయగానే స్విచ్ దానిని ఆర్పేస్తుంది. ఫిల్మును కుదురుగా అమర్చేటప్పుడు మాత్రం మూత తెరిచే ఉండాలి, లేజరూ నడవాలి. అప్పుడు స్విచ్ మీద అయస్కాంతం పెట్టి, మూత మూసే ఉందని యంత్రాన్ని నమ్మిస్తారు. పని కాగానే దానిని తీసేస్తారు.

ఈ రోజు ఆమె తీయలేదు.

"నీ కండ్లద్దాలు ఏవి?"

"బల్ల మీదున్నయి. అవి పెట్టుకుంటే లోకమంత ఆకుపచ్చగనే కనిపిస్తది. నలుపు రాగి అయిందో లేదో ఎట్ల తెలుస్తది? అయినా మూత తీస్తే లేజర్ బంద్ అయితది గద..."

మాట పూర్తికాకముందే అతడి చూపు కూడా స్విచ్ మీదికి వెళ్లింది. నవ్వు ముఖం మీదనే ఆగిపోయింది.

"నడుస్తుండెనా?" అన్నాడు మెల్లగా.

"నడుస్తుండె."

బయట వాన మొదలైంది. రెబెకా గ్రాఫ్ కాగితం మధ్యలో పెన్నుతో చుక్క పెట్టి అతడి ముందు పట్టుకుంది. "ఒక్కో కన్ను మూసుకో. చుక్కనే చూడు. గీతలు సక్కగున్నయా?"

"ఎడమ కంటికి సక్కగనే ఉన్నయి."

"కుడి కంటికి?"

"దానికీ అంతే. నీ వేలు ఒక్కటే వంకరున్నది."

మరో రోజైతే ఆమె ఆ కాగితాన్నే ఉండ చుట్టి అతడి మీదికి విసిరేది. ఇప్పుడు అతడి అరచేతిని చూసింది. ఎడమ కన్ను మీద కప్పిన వేళ్ల మధ్య సందు ఉంది.

"సందులకెళ్లి చూస్తున్నవ్. చెయ్యి గట్టిగ పెట్టుకో."

దానియేల్ వేళ్లు దగ్గరికి చేర్చాడు.

"చుక్క పక్కన మబ్బు లెక్క ఉన్నది. గీతలు ఆడ వంగినయి."

రెబెకా కాగితం కిందికి దించింది. "అబద్ధం ఎందుకు ఆడినవ్?"

"అయస్కాంతం నీది గద. ల్యాబ్ చూసే సార్‌కు తెలిస్తే నిన్ను లోపలికి రానియ్యడు."

"లే. గద్వాల పోదాం. అక్కడ రెటీనా చూసే డాక్టరమ్మ ఉన్నది."

"గింత వానల?"

"లే అంటున్న."

స్కూటీ ఆమే నడిపింది. పెబ్బేరు దాటేసరికి వాన ముదిరింది. ముందు వెళ్తున్న లారీ వెనక దీపాలు నీటిలో కరిగినట్టు కనిపించాయి. తనకే అవి అలా కనిపిస్తుంటే, అతడికి ఇంకెలా కనిపిస్తున్నాయో.

"ఏం కనిపిస్తుంది? చెప్తనే ఉండు," అంది.

"లారీ. దాని మీద కప్పిన తాడిపత్రి. నీ జడ. జడకెళ్లి నీళ్లన్ని నా మీదనే పడుతున్నయి."

"ఇంకా?"

"ఇంకేం చెప్పాలె? జడ అడ్డమున్నది."

బీచుపల్లి వంతెన మీద గాలి స్కూటీని పక్కకు నెట్టింది. కింద కృష్ణ మట్టిరంగులో ఉరుకుతోంది. దానియేల్ చెయ్యి మొదటిసారి ఆమె భుజం పట్టుకుంది. అది వణుకుతోంది.

"చలి," అన్నాడు, ఆమె అడగకముందే.

కొంతదూరం పోయాక, "చలి కాదు," అన్నాడు. "రెబెకా, నాకు భయమైతుంది. వెంట్రుకంత గీతలు చూసే పని నాది. ఈ కన్ను పోతే ఏం జేస్త?"

ఏమీ కాదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. ఆ మాట చెప్పే హక్కు తనకు లేదనిపించి మూసుకుంది. భుజం మీది చేతిని మాత్రం కదలనివ్వలేదు.

ఆస్పత్రిలో డాక్టర్ హసీనా అతడి కళ్లలో మందు చుక్కలు వేసి, కనుపాపలు విచ్చుకునే దాకా కూర్చోబెట్టింది. తరువాత గదిలోకి పిలిచి, యంత్రం మీది నుంచి తల ఎత్తకుండా అతడి కళ్లలోకి చాలాసేపు చూసింది. ఈలోగా రెబెకా ప్రార్థన మొదలుపెట్టింది గాని, మొదటి మాట తరువాత ఏమీ గుర్తురాలేదు.

"కాలిన మచ్చ ఉన్నది," అంది డాక్టర్ చివరికి. "చిన్నదే. చూపుకు నడిమధ్యన పడలేదు, కొద్దిగ పక్కకు పడ్డది. వాపు తగ్గితే గీతలు చాలావరకు సక్కగైతయి. మచ్చ పూర్తిగ పోతదని మాత్రం నేను మాటియ్య. వచ్చే నెల మళ్ల రావాలె." రెబెకా వైపు తిరిగింది. "నువ్వు ఈ బాబుకు ఏమైతవమ్మా?"

"అయస్కాంతం పెట్టినదాన్ని," అంది రెబెకా.

డాక్టరుకు అర్థం కాలేదు. దానియేల్‌కు నవ్వు వచ్చింది; పొద్దుటినుంచి అతడు మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

వరండాలోకి రాగానే రెబెకా సార్‌కు ఫోన్ చేసింది. "సార్, స్విచ్ మీద అయస్కాంతం మర్చిపోయింది నేను. లేజర్ దానియేల్ కంటికి తగిలింది. లేజర్ గదికి తాళం వేయించండి. వచ్చి అన్నీ చెప్త."

"ఎందుకు చెప్పినవ్? నేను దాచిపెడుతుంటి గద," అన్నాడు దానియేల్.

"రేపు ఇంకొకరు మూత తీస్తరు."

అతడు బల్ల మీద కూర్చొని తల దించుకున్నాడు. "ఇంకొకరైతే కూడా నువ్వు ఇంతనే భయపడుతుంటివా?"

రెబెకా అతడి పక్కన కూర్చుంది. జడ కొసను పిండుతూ ఆలోచించింది; ఎప్పటిలాగే, కొలిచి చెప్పాలనుకుంది.

"మొదలు తప్పు చేసినందుకే భయమనుకున్న. సార్‌కు చెప్పినంక అది తగ్గాలె గద. తగ్గలే. నీకు ఏమైతదోననే పొద్దంత భయపడ్డ. ఈ భయం ఇప్పటిది కాదు, దానియేల్. నువ్వు మీ ఊరి ధరూర్ బస్సు తప్పి ఆలస్యంగ వచ్చిన రోజులన్నిట్ల ఉన్నది. నేనే దానికి కోపమని పేరు పెట్టుకున్న."

దానియేల్ తల ఎత్తాడు. విచ్చుకున్న కనుపాపలతో ఆమె వైపు కళ్లు చికిలించాడు.

"జర దూరం పోయి నిలబడు."

"ఎందుకు?"

"చుక్కలు వేసిండ్రు. దగ్గరున్నవన్ని మసకగున్నయి. దూరముంటే సాఫ్ కనిపిస్తవ్. ఈ మాట చెప్పిన ముఖం నేను సక్కగ చూడాలె."

రెబెకా లేచింది. వరండా చివరి దాకా ఒకసారి చూసింది. అక్కడ వాన జల్లు పడుతోంది. అటు పోకుండా, ఇంతకు ముందు కంటే దగ్గరగా, అతడి పక్కనే కూర్చుంది.

"ఈ రోజుకు మసకగనే చూడు," అంది. "నేను దూరం పోను."