కరకట్ట కింద పెరుగన్నం

యనమలకుదురు దాటి కరకట్ట మీద కొంతదూరం పోతే, ఏటివైపు కిందికి దిగే బాట ఒకటుంది. ఆ బాట చివర పాత పంపుహౌసు. మోటార్లు ఎప్పుడో ఊడదీసుకుపోయారు. తలుపుల్లేవు, కప్పు సగం లేదు. వరద వచ్చినప్పుడల్లా మునిగి, మళ్ళీ తేలి, బురదరంగుకి తిరిగిన గోడలు మాత్రం మిగిలాయి.

పొద్దుగూకితే ఆ బాటన ఎవరూ దిగరు.

లోపల మిణుకుమిణుకుమని వెలుతురు కనపడుతుందంటారు. మొదట చూసినవాడు గేదెలు కాసుకునే జక్కయ్య. చూసిన రాత్రే జ్వరం తగిలి మంచం ఎక్కాడు. అప్పట్నించీ ప్రతి శనివారం మునిమాపువేళ అతని పెళ్ళాం విస్తరాకులో పెరుగన్నం, ఓ ఆవకాయ ముక్క పెట్టి, పంపుహౌసు మెట్టు మీద ఉంచి, వెనక్కి చూడకుండా వచ్చేస్తుంది.

తెల్లారేసరికి ఆకు ఖాళీ.

కుక్కలు తింటున్నాయిలే అన్నారు కొందరు. కుక్క తింటే ఆకు చింపుతుంది, ఈడుస్తుంది. ఈ ఆకు మాత్రం తిన్నవాళ్ళ వైపుకి శుభ్రంగా మడిచి ఉంటుంది... కడుపు నిండిందని చెప్పి లేచిన చుట్టం మడిచినట్టు.

రాఘవమ్మకి ఈ కథ తెలుసు. ఎవరు చెప్పారో గుర్తులేదు. తెలుసు, అంతే.

పటమటలో ఆమెది చిన్న మంగళగిరి చీరల కొట్టు. భర్త మార్కండేయులు ఉన్నంతకాలం ఇద్దరూ కలిసి చూసుకున్నారు. ఆయనకి ఓ సరదా ఉండేది. ఆదివారాలు ఏటి గట్టున నడిచే స్నేహితులతో కలిసి డబ్బాల ఆట ఆడేవాడు. ఒకరు స్టీలు డబ్బాలో ఓ తెల్లగుడ్డ, సిరా ప్యాడ్ పెట్టి ఒడ్డున ఎక్కడో దాస్తారు. దారి గుర్తులు మాత్రం చెప్తారు. వాటిని పట్టుకుని మిగతావాళ్ళు వెతకాలి. దొరికినవాళ్ళు తమ అచ్చు ఆ గుడ్డ మీద వేసి, డబ్బాని మళ్ళీ అక్కడే పెట్టి రావాలి. ఎవరి అచ్చు వాళ్ళదే. మార్కండేయులు పెడన వెళ్ళి, కలంకారీ అచ్చులు చెక్కేవాళ్ళ చేత తనకి మగ్గంలో దారం నడిపే నాడె బొమ్మ, భార్యకి చిలక బొమ్మ చెక్కించాడు.

ఆఖరి డబ్బా ఒక్క రాఘవమ్మ కోసమే దాచాడు. గుర్తులన్నీ తన గొంతుతోనే ఒక్కొక్కటిగా చెప్పి ఆమె ఫోనుకి పంపాడు. ఆ వారంలోనే గుండె ఆగి పోయాడు.

పెద్దకర్మ నాడు అలమర సర్దుతుంటే చిలక అచ్చు గచ్చు మీద పడి ముక్కు విరిగింది. ఆ చప్పుడు కూడా ఆమెకి గుర్తే. ఆ తర్వాతవే... ఒక్కోటి జారిపోతున్నాయి.

ఆ శనివారం కూతురు శ్రీదుర్గ బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసు నుంచి నేరుగా కొట్టుకొచ్చింది.

"అమ్మా, నిన్న షట్టర్ వెయ్యకుండా ఇంటికొచ్చేశావు. పక్క కొట్టాయన ఫోన్ చేశాడు."

"వేశానే."

"వెయ్యలేదమ్మా. మొన్న స్టవ్ మీద పాలు పెట్టి మేడెక్కి పడుకున్నావు."

"నీ పెళ్ళినాడు మీ ఆయన పీటల మీద కూర్చుని, జీలకర్ర బెల్లం పక్కన పెట్టి, ఫోనులో క్రికెట్ చూసుకున్నాడు. ఎవరు ఔటయ్యారో కూడా చెప్పమంటావా?"

దుర్గ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"పాతవన్నీ నీకు బంగారంలా గుర్తుంటాయి. నిన్నటివే ఉండట్లేదు. సోమవారం నుంచి కొట్టు తాళాలు నా దగ్గర ఉంటాయి. ఒంటరిగా నువ్వు గడప దాటొద్దు. అన్నట్టు, ఆ వేళ్ళకి నీలిమరకలేంటి? పోయినవారం కూడా చూశాను."

"బిల్లుల స్టాంపుదిలేవే."

కూతురు వెళ్ళాక రాఘవమ్మ చాలాసేపు తాళాలగుత్తిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇవి పోతే ఇక మిగిలేది కిటికీ పక్కన కుర్చీ. అప్పుడు తట్టింది. ఆయన దాచిన డబ్బా ఉందిగా! ఒక్కతే వెళ్ళి, ఆయన చెప్పిన గుర్తులతో పట్టుకుని, గుడ్డ మీద తన అచ్చు వేసి, తెచ్చి దుర్గ ముందు పరుస్తుంది. మతి పోయినదానికి అది సాధ్యమవుతుందా? అప్పుడు చూస్తాను, తాళాలు ఎలా అడుగుతుందో.

చిలక అచ్చు సంచిలో వేసుకుంది.

సందు మొగలో యేసుబాబు ఆటో ఉంది. "రండి అమ్మగారూ. కరకట్టకేగా?"

"నీకెట్లా తెలుసు?"

అతను అద్దంలోంచి ఆమెని ఓ క్షణం చూశాడు. "ఏటి గాలికి... అందరూ అక్కడికేగా అండీ," అన్నాడు.

ఆటోవాళ్ళకి మాట కలపడం అలవాటులే అనుకుందామె.

దిగేటప్పుడు అతను గొంతు తగ్గించాడు. "కిందికి మాత్రం దిగకండమ్మా. పంపుహౌసు మంచిది కాదు. మా జక్కయ్య మావ కళ్ళారా చూశాడు. నేను ఇక్కడే టీ కొట్టు దగ్గర ఉంటాను."

ఆటో టీ కొట్టు వైపు మళ్ళాక ఆమె ఫోను తీసింది. మార్కండేయులు గొంతు... దగ్గు, ఆ వెనకే చిన్న నవ్వు.

"రాఘవా, కరకట్ట దిగావా? పొద్దు వాలుతూ ఉండాలి. నీళ్ళు కుడిచేతి వైపు ఉంచుకుని నడువు."

నడిచింది. అటూ ఇటూ మనిషెత్తు రెల్లు. మధ్యలో సన్నటి కాలిబాట, గడ్డి నలిగి ఉంది. ఎవరూ దిగని చోట... ఈ బాట ఎవరు వేశారు?

"తల లేని తాడిచెట్టు వస్తుంది. పిడుగు పడిందిలే, పాపం. దాని నీడ ఎటు పడితే అటు పో. కంగారుపడకు."

నీడ రెల్లు మీద నల్లగా, పొడుగ్గా పడి ఉంది. చివరికంటా వెళ్ళింది. నీడ ఆగినచోట గోడ. బురదరంగు గోడ.

పంపుహౌసు.

రాఘవమ్మ కాళ్ళు ఆగిపోయాయి. ఏటి మీద వెలుగు ఆరిపోతోంది. ఎక్కడో నీటికోడి ఒక్క అరుపు అరిచి ఊరుకుంది. వెనక్కి పోదామా? పోతే... సోమవారం. తాళాలు. కుర్చీ.

"లోపలికి రా," అంది ఫోను. "భయమెందుకు? నేనున్నాగా."

మెట్టు మీద ఏదో తెల్లగా ఉంది. చూడకుండా దాటేసింది. ఫోను లైటు వేసింది. వెలుతురు గోడల మీద మిణుకుమిణుకుమంది.

"కిటికీ కింద—"

ఆయన మాట పూర్తికాకముందే ఆమె చెయ్యి వెళ్ళి ఒక ఇటుకని పట్టుకుంది. ఇటుక సుళువుగా ఊడివచ్చింది, అలవాటైన సొరుగులాగా.

"—వదులుగా ఉన్న ఇటుక తియ్యి," అన్నాడాయన.

డబ్బా ఉంది. ఉంది! సంతోషంతో డబ్బాని గుండెకి హత్తుకుంది. నా మతి నాకుంది. ఉంది. మూత తీసి గుడ్డ విప్పింది.

గుడ్డ తెల్లగా ఉండాలి. మూల ఆయన నాడె అచ్చు ఒక్కటే ఉండాలి.

ఈ కొస నుంచి ఆ కొసకి... చిలకలు. కొన్ని వెలిసిపోయాయి. కొన్ని నిన్నమొన్న వేసినట్టున్నాయి. చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయి. నీలిరంగు చిలకలు, గుడ్డ నిండా.

ఎవరు? ఆయనేమైనా...

లైటు దగ్గరగా పెట్టి చూసింది. ఒక్క చిలకకీ ముక్కు లేదు.

ఆయన పోయాక విరిగిన ముక్కు అది.

చేతివేళ్ళు చూసుకుంది. నీలిమరకలు. నలిగిన గడ్డి, అడక్కుండానే కరకట్ట అన్న యేసుబాబు, దానంతటదే వెళ్ళిన చెయ్యి... అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. రాఘవమ్మ ఆ గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి, ఏడ్చింది.

ఎన్ని శనివారాలు? ఎన్నిసార్లు ఇదే సంతోషం?

ఈ గుడ్డ తీసుకెళ్ళి దుర్గకి చూపిస్తే... తాళాలతో ఆగదు. డాక్టర్లు, మందులు, తలుపుకి బయట గొళ్ళెం. దేనికోసం వచ్చిందో ఆ రుజువే ఇప్పుడు తన మీద సాక్ష్యం.

అందుకే కాబోలు, ప్రతిసారీ ఇక్కడే వదిలేసి వెళ్ళింది.

సంచిలోంచి అచ్చు తీసి సిరా అద్దింది. చోటు లేదు. ఉన్న చిలకల మీదే మరొకటి గట్టిగా నొక్కింది. గుడ్డ మడిచి, డబ్బా మూసి, ఇటుక పెట్టేసింది.

ఫోనులో ఆఖరి మాట నొక్కింది. "దొరికిందా? నాకు తెలుసు, దొరుకుతుందని. ఇక మెట్టు మీద కూర్చో. పెరుగన్నం తెచ్చుకున్నావుగా... తిను రాఘవా. ఆకలేస్తోంది నీకు."

నిజమే. కడుపు నకనకలాడుతోంది. లైటు ఆర్పి, వచ్చి మెట్టు మీద కూర్చుంది. పక్కనే ఆకు ఉంది. ఆకులో పెరుగన్నం, ఆవకాయ ముక్క. ఆయనకి ఎప్పుడూ ఇంత ముందుచూపే. ఒక్కో ముద్దా నెమ్మదిగా తింటుంటే, ఇందాకటి ఏడుపు దేనికో... అంచులు చెరిగిపోతూ వచ్చింది.

గట్టు మీద రెల్లు కదిలింది. గుసగుసలు.

"తింటోంది... అదుగో, తింటోంది."

"మగగొంతు విన్నావా? మనిషి లేడు, గొంతొకటే!"

"పదవే. తిరిగి చూడకు."

పరుగెత్తిన అడుగులు దూరమయ్యాయి. రాఘవమ్మ తలెత్తింది. అయితే దెయ్యం మాట నిజమేనా? ఎక్కడ? ఎవరు తింటున్నారు? చుట్టూ చీకట్లోకి చూసింది. తనొక్కతే.

గబగబా లేవబోయి, ఆగి, ఆకుని తనవైపుకి శుభ్రంగా మడిచింది. తిన్న ఆకుని అలా వదిలేసే ఇంట్లో పుట్టలేదామె.

టీ కొట్టు బల్బు కింద యేసుబాబు లేచి నిలబడ్డాడు. అప్పుడే పరుగెత్తుకొచ్చిన జక్కయ్య చెప్పిందంతా విని ఉన్నాడు. అతని చూపు ఆమె కొంగు మీద ఆగింది. అక్కడ పెరుగు మెతుకు ఒకటి అంటుకుని ఉంది. పక్కనే ఆవకాయ నూనె మరక.

ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పోనీవయ్యా ఆటో," అంది రాఘవమ్మ ఎక్కి కూర్చుంటూ. "దెయ్యాన్ని చూసినట్టు చూస్తావేం?"

ఆటో కదిలింది. వేళ్ళకి అంటిన నీలిమరక కొంగుతో తుడుచుకుంటూ ఆమె అంది—

"వచ్చే శనివారం ఖాళీయేనా బాబూ? ఈ ఏటి ఒడ్డున మా ఆయన నాకోసం ఒక డబ్బా దాచిపెట్టి పోయారు. ఒక్కసారైనా వచ్చి వెతకాలి."