మహాగనీ చెవి

1959 మార్చిలో ఒక ఉదయం హోల్గర్ ఈబ్సెన్ శవం కోపెన్‌హేగన్ కాలువలో తేలింది. గోళ్ళ కింద ఇంకా మహాగనీ కర్ర పాలిష్ ఉంది. తాగి నీళ్ళలో పడ్డాడని పోలీసులు తేల్చేశారు. మెడ వెనక సూదిపోటు సంగతి మాత్రం మిలిటరీ ఇంటెలిజెన్స్ ఆఫీసులో తలుపులు మూసుకుని మాట్లాడుకున్నారు.

"ఈబ్సెన్ పని ఇక నీది," అన్నాడు కల్నల్ బిల్‌స్టెడ్.

ఏజెంట్ విగ్గో తల ఊపాడు. ఈబ్సెన్ పెళ్ళికి తోడు పెళ్ళికొడుకుగా నిలబడింది తనే. ఆ మాట ఇక్కడ ఎవరికీ అక్కర్లేదు.

"ఈ మధ్యాహ్నం మన మంత్రి, నార్వే మంత్రి, ఇంగ్లీషు మంత్రి ఒకే గదిలో కూర్చుంటున్నారు. యుద్ధమొస్తే రష్యా ఓడలు దాటకుండా ఎరెసుండ్ జలసంధిని ఎలా మూసేయాలన్నది టాపిక్. గదిలో మాటలు బయటికి పోతాయి. ఈబ్సెన్ పంపిన చివరి కబురు అదే."

"గది వెతికించారా?"

"డిటెక్టర్లతో రెండుసార్లు. తీగముక్క కూడా దొరకలేదు."

"అయితే మీటింగ్ ఆపించండి సార్."

"ఆపితే అతిథులు మళ్ళీ మన గడప తొక్కరు. మన దగ్గర రహస్యం నిలవదని వాళ్ళకి ఇప్పటికే అనుమానం." కల్నల్ ఒక ఫోటో ముందుకు తోశాడు. "ఎలినోర్ క్రాగ్. గదిలో ఫర్నిచరంతా ఈమె షాపుదే. డబుల్ ఏజెంట్. మొగుడు లోథార్ తూర్పు బెర్లిన్ జైల్లో ఉన్నాడు. అతని కోసం వాళ్ళు చెప్పింది చేస్తుంది, మనకీ అప్పుడప్పుడు ఒక మాట చేరవేస్తుంది. మొగుణ్ణి తెప్పిస్తామని చెప్పు, నోరు విప్పుతుంది."

"తెప్పిస్తామా?"

"జనవరిలోనే పోయాడు. ఆమెకి తెలీదు. తెలియనివ్వకు."

బ్రెడ్‌గేడ్ వీధిలో ఆ షాపు తలుపు తోసుకుని వెళ్ళినవాడు విగ్గోలా లేడు. వేటకోటు, తెల్లమీసం, వెండి పిడి చేతికర్ర. చూడగానే ఫ్యూన్ దీవి నుంచి వచ్చిన ఎస్టేటు యజమాని. ఈ వేషం అతనికి కష్టం కాదు. ఆ దీవిలోనే ఓడెన్సేలో తండ్రి పాత ఫర్నిచర్ వేలంపాటలు నడిపేవాడు. కత్తిలా వంగిన కాళ్ళ కుర్చీల కింద పాకుతూ పెరిగాడు విగ్గో. షాపులో అవే కుర్చీలు. హంసమెడ చేతుల సోఫా. గోడవారన మెరుపులేని తెల్ల పింగాణీ తలలు, గ్రీకు దేవతలవి, వరసగా.

"జంట హంసల గడియారం కోసం వచ్చాను."

"ఒక హంస విరిగిపోయింది," అంది ఎలినోర్. బూడిదరంగు సిల్కు గౌను, చెవులకి ముత్యాలు, వేళ్ళ మధ్య సిగరెట్టు.

"విరిగిందే కావాలి."

ఆమె తలుపు గడియ పెట్టి వచ్చింది. "మీసం బావుంది. ఎడమవైపు ఊడుతోంది, చూసుకోండి."

విగ్గో మీసం నొక్కుకున్నాడు. "ఈబ్సెన్‌ని ఎవరు పట్టించారు?"

"నేను కాదు. నమ్మితే నమ్మండి." ఆమె సిగరెట్టు నలిపేసింది. "లోథార్ వస్తాడా?"

"కల్నల్ మాటిచ్చారు."

"కల్నల్ సంగతి నేనడగలేదు. మీరు చెప్పండి."

విగ్గో ఆమె కళ్ళలోకి సూటిగా చూశాడు. "వస్తాడు."

ఇరవై ఏళ్ళ ట్రైనింగ్ అందుకే.

ఎలినోర్ కిటికీ తెర దించింది. తర్వాత ఒక్కొక్క మాటే చెప్పింది. "ఆ గదిలో మహాగనీ రాతబీరువా ఉంది. ముందు తలుపు దించితే బల్ల అవుతుంది. ఆ తలుపు మీద లేతపసుపు కర్రతో లైర్ అనే తీగవాద్యం బొమ్మ పొదిగి ఉంటుంది. దాని వెనక చిన్న లోహపు బిళ్ళ. తీగ లేదు, బ్యాటరీ లేదు. ఎదురింట్లోంచి రేడియో కిరణం పడితేనే దానికి ప్రాణం. మనుషులు మాట్లాడితే లైర్ కర్ర అదురుతుంది. ఆ అదురే వాళ్ళకి మాటలుగా చేరుతుంది."

"డిటెక్టర్ పట్టలేదే?"

"పక్కనే ఇత్తడి తాళం. డిటెక్టర్ కూసినా తాళమే అనుకుంటారు."

ఆ గదికి ఎదురిల్లు ఒక కమ్యూనిస్టు దేశపు వాణిజ్య కార్యాలయం. అందులోకి డెన్మార్క్ పోలీసు అడుగు పెట్టడానికి లేదు. విగ్గో గడియారం చూసుకుని పరుగెత్తాడు.

అతను మీటింగ్ భవనానికి చేరేసరికి మంత్రులు గదిలోకి వెళ్ళిపోయారు. వంటగదిలో వెయిటర్ దగ్గర తెల్లకోటు లాక్కుని, వెండి కాఫీకూజా ట్రేలో పెట్టుకుని లోపలికి నడిచాడు. డెన్మార్క్ మంత్రి అప్పుడే మ్యాపు పరిచాడు. కిటికీ పక్కన రాతబీరువా, ఎర్రగా, నున్నగా, తలుపు మధ్య లైర్ తీగలు ఎండలో వెలుగుతూ. అంత అందమైన వస్తువుని విగ్గో తండ్రి వేలంలో కూడా చూడలేదు.

"సముద్రపు మైన్ల మొదటి వరస," అని మంత్రి వేలు మ్యాపు మీద ఆనించాడు, "ఎక్కడ మొదలవుతుందంటే..."

విగ్గో తివాచీ అంచు తన్నుకుని పడ్డాడు. ఒంటి బరువంతా వేసి కూజా అడుగుతో లైర్ నడుమ కొట్టాడు. కర్ర ఎండుటాకులా చిట్లింది. కాఫీ తలుపు మీదుగా కారింది. లేవబోతున్నట్టు నటిస్తూ పగుల్లో బొటనవేలు దూర్చి బిళ్ళని వంచేశాడు. వేలు తెగింది.

"కళ్ళు కనపడవటయ్యా?" మంత్రి లేచి నిలబడ్డాడు. "నూట యాభై ఏళ్ళ వస్తువది. 1807లో ఇంగ్లీషు ఫిరంగులకి ఈ ఊరు తగలబడితే దీనికి గీత పడలేదు. నీ చేతిలో పోయింది."

ఇంగ్లీషు మంత్రి కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"క్షమించండి సార్," అన్నాడు విగ్గో. ఎదురింటి మేడ మీద ఎవరో కర్టెన్ లాగేశారు.

సాయంత్రం మీసం లేకుండా షాపుకి వెళ్ళాడు. కల్నల్ వద్దన్నా వెళ్ళాడు. ఎలినోర్ లేచి ఎదురొచ్చింది. "ఎప్పుడొస్తాడు?"

"రాడు. జనవరిలో పోయాడు. పొద్దున మీరడిగినప్పుడు నాకు తెలుసు."

ఆమె హంసమెడ సోఫా అంచున కూర్చుంది. ఏడవలేదు.

"నిజం చెప్పి ఉంటే నేను బీరువా సంగతి చెప్పేదాన్ని కాదనుకున్నారా?"

"ఏమో. భయపడ్డాను."

"నాకూ తెలీదు," అంది. "ఇక ఎప్పటికీ తెలీదు."

"బయట కారుంది. జట్లాండ్‌లో మీరు దాక్కోడానికి ఇల్లు చూశాం. మీరు చెప్పారని వాళ్ళకి ఈపాటికి తెలిసిపోయి ఉంటుంది. రండి."

"ఎవరి కోసం దాక్కోమంటారు? వెళ్ళండి. వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరగా వెయ్యండి, చలిగాలి వస్తోంది."

విగ్గో తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. వీధి చివర ఇద్దరు మనుషుల్ని కాపలా పెట్టాడు. షాపుకి వెనక దారి కూడా ఉంది. తెల్లారేసరికి దీపాలు వెలుగుతున్నాయి, ఎలినోర్ లేదు. తర్వాత కూడా ఆమె ఎవరికీ కనపడలేదు.

ఆపరేషన్ సక్సెస్ అని పైకి రాశాడు కల్నల్. విగ్గోని పిలిచి చేయి కలిపాడు.

"ఇంకో చిన్న పని. మంత్రిగారు ఆ గదికి కొత్త రాతబీరువా అడుగుతున్నారు. బ్రెడ్‌గేడ్ వీధి చివర కొత్త షాపులో అలాంటిదే ఉందట. వెళ్ళి చూసి రా. నీకు తెలిసిన విద్యేగా."

"షాపు ఎవరిది సార్?"

"మంచివాడేనట," అన్నాడు కల్నల్ పైపు వెలిగించుకుంటూ. "పాపం, తూర్పు బెర్లిన్ నుంచి పారిపోయి వచ్చాడు. మొన్న జనవరిలోనే."