ఎంఎస్సీ చేస్తే సీటు ఖాయమన్నాడు

"డ్యూటీ చార్టులో నా పేరు ముందు డాక్టర్ అని ఎవరు రాసినారు?"

గల్ఫ్‌లో, అల్ ఖువైర్‌లోని ఆ క్లినిక్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన రెండో వారమే రమణి రిసెప్షన్ మీదికి యుద్ధానికొచ్చింది.

"నేనే," అన్నాడు వీరబ్రహ్మం కంప్యూటర్‌లోంచి తలెత్తకుండా. "బీఎస్సీ అయినాక కూడా మెడిసిన్ చదువుతానని అందరికీ చెప్తాండావు గదా. ముందే అలవాటు చేసుకో."

"ఎగతాళా?"

"కాదు, అడ్వాన్స్ బుకింగ్."

ఆమె కోపం నిలవలేదు. ఇద్దరిదీ కడప జిల్లానే. మాటలు టీ దాకా, టీలు బీచ్ దాకా వెళ్ళాయి. ఒకరోజు ఎప్పుడో గానీ పడని వాన పడింది. ఆమె క్లినిక్ గుమ్మంలో అరచేయి చాపి నిలబడింది. వీరబ్రహ్మం వాన వైపు చూడనే లేదు.

2007 వేసవిలో, దూరపు ఊళ్ళో ఒక మెడికల్ కాలేజీ డిగ్రీ అయినవాళ్ళని తీసుకుంటోందని తెలిసింది. రమణికి బీఎస్సీలో మార్కులు తక్కువ. ఎంఎస్సీ చేస్తే ఆ లోటు పూడుతుందా? సెలవు దొరక్క, కనుక్కు రమ్మని అతన్ని పంపింది.

"ఏమన్న్యారు?"

"ఎంఎస్సీ చేస్తే సీటు ఖాయమంట."

రమణి దూరవిద్యలో ఎంఎస్సీ బయోకెమిస్ట్రీ కట్టింది. రెండేళ్ళూ అతనే పుస్తకం పట్టుకుని ప్రశ్నలడిగాడు. తప్పు చెబితే టీ డబ్బులు ఆమెవి, సరిగ్గా చెబితే అతనివి. ఫస్ట్ క్లాస్ వచ్చింది. 2009లో ఇంటర్వ్యూకి పిలిచారు. ఆ పొద్దునే ఆమె నాన్న జయరాముడు కడప నుంచి ఫోన్ చేసి, "సీటు వచ్చినా రాకపోయినా ఆ పిల్లోడు మంచోడు. పెళ్ళికి నాకు ఇష్టమే," అన్నాడు. ఆ మాట తిరుగు ప్రయాణంలో చెబుదామని దాచుకుంది.

ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ జైనబ్ ఫైలు తిరగేసింది.

"ఎంఎస్సీ బాగుంది. కానీ మేం చూసేది బీఎస్సీ మార్కులే. పై డిగ్రీతో అవి పెరగవు. తక్కువ వచ్చినవాళ్ళకి మెడిసిన్‌కి ముందు ఒక ఫౌండేషన్ ఏడాది ఉంది, అయితే ఇరవై మూడు దాటకూడదు. మీకు ఇరవై నాలుగు."

"ఎంఎస్సీ చెయ్యమన్నది మీరే కదా?"

ఆవిడ 2007 నాటి కాగితం ఒకటి తీసి చూపింది. 'ఈ ఏడాదే ఫౌండేషన్‌లో చేరాలని తెలియజేశాం.' కింద వీరబ్రహ్మం సంతకం.

అతను కారు దగ్గర స్వీట్ డబ్బాతో నవ్వుతూ నిలబడి ఉన్నాడు. ఆమె ముఖం చూసి నవ్వు ఆపేశాడు.

"ఎందుకు చెప్పలేదు?"

"అప్పుడే చేరింటే ఏండ్ల తరబడి ఈడే హాస్టల్లో ఉండేదానివి. ఈ రిసెప్షనోడు నీకు గుర్తుంటాడా? రెండేండ్లు నా దగ్గరుంటావని..."

"ఎన్ని రోజులు ఆలోచించినావు?"

"తిరిగొచ్చేటప్పుడు... సీబ్ ఊరి దగ్గర సిగ్నల్లో అనుకున్న్యా."

"సిగ్నల్ పడినంతసేపు!"

"తర్వాత చెబ్దామనుకున్న్యా రమణీ. పుస్తకాలతో వస్తాంటివి. నోరు రాలేదు."

"నోరు రాలేదా? రోజూ కూర్చోబెట్టి ప్రశ్నలడిగినావే!"

ఆమె టాక్సీ ఎక్కి వెళ్ళిపోయింది. నాన్న చెప్పిన మాట అతనికి చెప్పనే లేదు.

నెల తిరక్కుండా దూరంగా బురైమిలో వేరే ల్యాబ్‌లో చేరింది. ఒక శుక్రవారం అతను అక్కడికి వెళ్ళాడు. ఆమె బయటికొచ్చింది.

"నన్ను ఎప్పుడన్నా ప్రేమించినావా? అదొక్కటి చెప్పు, పోతా."

"ప్రేమించకపోతే," అంది రమణి, "సెలవు ఇయ్యకపోయినా ఆ రోజు కనుక్కోడానికి నేనే పోయింటి."

డ్యూటీ టైమైందని లోపలికి వెళ్ళిపోయింది.