ఏడో నంబర్ గది హీటర్

జనవరి పన్నెండు. ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషాలు.

ఖతర్‌లోని అల్ షహానియాలో ఒక ఒంటెల ఫారం. పనివాళ్ళ వరుస గదుల్లో పెద్ద పేలుడు. అందరూ పరుగెత్తారు.

ఏడో నంబర్ గది బాత్‌రూమ్ తలుపు ముక్కలై వరండాలో పడి ఉంది. లోపల ఇమామ్ అనే పనివాడి శవం. వయసు ముప్ఫై నాలుగు. సొంతూరు ప్రొద్దుటూరు పక్కన. ఒంటెలను పందెం ట్రాక్ మీద నడిపించి వచ్చి, చలికి వేడినీళ్ళు పోసుకుందామని లోపలికి వెళ్ళాడు. గోడకు ఉండాల్సిన యాభై లీటర్ల వాటర్ హీటర్ పైకప్పు రేకును చీల్చుకుని వెళ్ళి బయట ఇసుకలో పడింది.

మధ్యాహ్నానికల్లా పోలీసులు లస్మయ్యను అదుపులోకి తీసుకున్నారు. అతనికి యాభై రెండేళ్ళు. జగిత్యాల జిల్లావాడు. ఇండస్ట్రియల్ ఏరియాలోని ఒక మెయింటెనెన్స్ కంపెనీలో టెక్నీషియన్. సరిగ్గా పదకొండు రోజుల క్రితం, జనవరి ఒకటిన, ఆ ఫారంలో పద్నాలుగు హీటర్లనూ సర్వీస్ చేసింది అతనే.

పదిహేనో తేదీ ఉదయం ఎనిమిదిన్నరకు సునంద పోలీస్ స్టేషన్‌లో అడుగుపెట్టింది. ఇన్సూరెన్స్ కంపెనీ పంపిన సర్వేయర్. అంతకుముందు పదకొండేళ్ళు విశాఖపట్నం ఫ్యాక్టరీల్లో బాయిలర్లు తనిఖీ చేసిన మనిషి.

కెప్టెన్ ఉన్నదున్నట్టు చెప్పాడు. పేలిన హీటర్‌కు, లోపల ఒత్తిడి పెరిగితే బయటికి వదిలే సేఫ్టీ వాల్వ్ లేదు. దాని స్థానంలో రంధ్రాన్ని మూసేస్తూ బిరడాలాంటి ఇత్తడి ప్లగ్ బిగించి ఉంది. చివరిగా చెయ్యి పెట్టింది లస్మయ్య. మధ్యాహ్నం ఒంటిగంటకు ఫైలు ప్రాసిక్యూషన్‌కు వెళుతుంది. ఈలోగా ఆమె చెప్పేదేమైనా ఉంటే వింటాడు.

చేతిలో నాలుగున్నర గంటలున్నాయి.

లస్మయ్యతో మాట్లాడడానికి పది నిమిషాలు ఇచ్చారు. అతను మూడు రోజులుగా సరిగా తిన్నట్టు లేడు. కుర్చీ అంచున కూర్చున్నాడు.

"ప్లగ్ మీరు పెట్టారా?"

"వాల్వ్ నేను ముట్టనే లేదు మేడమ్."

సర్వీస్ రోజున అతను నింపిన జాబ్ కార్డును సునంద ముందు పెట్టింది. పద్నాలుగు గదులు. పద్నాలుగు టిక్కులు. ప్రతి టిక్కు పక్కన 'సేఫ్టీ వాల్వ్ ఓకే'. కింద అతని సంతకం.

"ముట్టకుండా ఓకే అని ఎలా రాశారు?"

లస్మయ్య టిక్కుల మీద వేలు ఉంచాడు.

"నాలుగు గంటల టైమిచ్చిండ్రు. పద్నాలుగు గదులు. వాల్వ్ హీటర్ పైభాగంల వేరే మూత కింద ఉంటది. ఒక్కటి గూడ ఇప్పలే. టిక్కు పెట్టుకుంట పోయిన."

"మరి ఏం చేశారు?"

"స్విచ్‌లు, వైర్లు చూసిన. తొమ్మిదో రూంల నీళ్ళు కాగుతలేవంటే కింది మూత ఇప్పి ఎలిమెంట్ కొత్తది ఏసిన. గంతే."

ఆమె లేవబోతుంటే ఒక్క మాట అడిగాడు. ఇంటికి ఫోన్ చేయమని. ఆమె బయటికొచ్చి ఫోన్ చేసింది. ఎత్తింది అతని భార్య భూమవ్వ. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే; దుబాయ్‌లో పోలీసులు పట్టుకుపోయారని ఎవరో చెప్పారట. మూడు రోజులుగా పొయ్యి వెలిగించలేదట. ఏడవలేదు. ఒకే ప్రశ్న వేసింది.

"ఆయన చేసిండా అమ్మా?"

సునంద దగ్గర ఇంకా జవాబు లేదు. తెలిశాక చెబుతానని పెట్టేసింది.

తొమ్మిదీ నలభై. ఫారం.

మెయింటెనెన్స్ కంపెనీ సూపర్‌వైజర్ సురేందర్ గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఇతనిదీ జగిత్యాలే. లస్మయ్యను కంపెనీలో పెట్టించింది తనేనని, బాబాయి వరసన కాకా అని పిలుస్తానని, ఇలా జరగడం తనకూ బాధేనని చెప్పాడు. కాగితాలన్నీ సిద్ధంగా పెట్టుకున్నాడు. హీటర్లు పెట్టి రెండేళ్ళ రెండు నెలలు. పేరున్న మాడల్. అయిదేళ్ళ వారంటీ.

"ఇప్పటి హీటర్లు వాటంతట అవి పేలవు మేడం. మనిషి చెయ్యి పడితేనే పేలుతాయి. వాల్వ్ కారుతుంటే కొత్తది అడగడానికి బద్ధకమై కాకా ప్లగ్ కొట్టి ఉంటాడు."

"కారుతోందని ఎవరైనా కంప్లయింట్ ఇచ్చారా?"

సురేందర్ కాగితాలు తిరగేశాడు. రికార్డులో లేదన్నాడు. తర్వాత గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. చనిపోయినవాడికి మరమ్మతుల పిచ్చి ఉండేదట. కాకా కాకపోతే వాడే చేసుకుని ఉండాలట.

ఇమామ్‌తో ఆ గదిలో ఉన్నది ఖాసీం. ఇద్దరిదీ ఒకే వీధి. ఖాసీం దేనికీ సూటిగా జవాబివ్వలేదు. ఏ ప్రశ్న అడిగినా మంచం వైపు చూశాడు. మూడోసారికి సునంద వంగి మంచం కింద చూసింది. గోనెసంచిలో చుట్టిన పైపు రెంచ్ బయటపడింది.

"ఎవరిది?"

ఖాసీం గోనెసంచి అందుకుని మడత పెట్టాడు.

"ఇమామ్‌ది. నేనే దాచిపెట్టినా. కొళాయిలు, ఫ్యాన్లు అన్నీ వాడే బాగు చేస్తాండె. ప్లగ్ అని పోలీసులు అంటానే నాకు గుండె ఆగిపోయె. వాడే పెట్టుకున్యాడేమోనని. రోజూ మాబున్నీసా ఫోన్ చేసి అడుగుతాది, ఎట్ల జరిగె అని. నీ మొగుడు చేజేతులా సచ్చిపోయినాడని యా నోటితో చెప్పల్ల?"

మాబున్నీసా ఇమామ్ భార్య. ఖాసీంకు వరసకు చెల్లెలు.

"మీరు చూశారా, అతను ప్లగ్ పెట్టడం?"

చూడలేదన్నాడు. ఇమామ్ ఖతర్‌కు ఎప్పుడొచ్చాడని అడిగితే ఎనిమిది నెలలైందన్నాడు.

పదిన్నర. పేలిన హీటర్‌ను షెడ్డులో టార్పాలిన్ కింద పెట్టారు. సునంద గ్లవ్స్ వేసుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ముందు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ చూసింది. కాంటాక్ట్‌లు కరిగి అతుక్కుపోయాయి. వేడి ఎక్కువైతే కరెంటు ఆపాల్సిన కటౌట్ కూడా అదే ముక్కలో ఉంది. అదీ మాడిపోయింది. అంటే నీళ్ళు మరుగుతూనే ఉన్నాయి. ఆవిరి పోవడానికి దారి లేదు. ట్యాంకు అడుగు ఊడిపోయింది.

ఇక ప్లగ్. పోలీసులు ఫొటో తీసింది బయటి వైపు మాత్రమే. తళతళలాడే ఇత్తడి. నిన్న బిగించారన్నా నమ్మొచ్చు.

ఆమె దాన్ని రెంచ్‌తో విప్పి తిరగేసింది.

లోపలి ముఖమంతా తెల్లటి సున్నపు గార. కాలిపర్స్‌తో కొలిచింది. నాలుగు మిల్లీమీటర్లు.

ఆ ఫారంలో వాడేది బోరు నీళ్ళు. నోట్లో పోసుకుంటే ఉప్పదనం తెలుస్తుంది. అలాంటి నీళ్ళు కాచిన ప్రతిచోటా గార పేరుకుంటుంది. కానీ నాలుగు మిల్లీమీటర్లు పేరుకోవడానికి ఎన్నాళ్ళు పడుతుంది? ఊహ చాలదు. కొలత కావాలి.

తొమ్మిదో గది. లస్మయ్య అక్కడ కొత్త ఎలిమెంట్ వేసి నేటికి సరిగ్గా పద్నాలుగు రోజులు.

కరెంటు ఆపి, నీళ్ళు వదిలేసి, కింది మూత విప్పేసరికి పదకొండుంపావు అయింది. ఎలిమెంట్ బయటికి లాగింది. వేలితో రాసింది. సన్నటి పొడి వేలికి అంటుకుంది. అంతే. అన్నిటికంటే ఎక్కువ వేడి తగిలే ఎలిమెంట్ మీదే పద్నాలుగు రోజుల్లో పౌడరు రాసినంత. మరి ప్లగ్ మీద నాలుగు మిల్లీమీటర్లు?

లస్మయ్య అబద్ధం చెప్పలేదు. ఎనిమిది నెలల క్రితం వచ్చిన ఇమామ్‌కూ దాంతో సంబంధం ఉండే అవకాశం తక్కువ.

వాల్వ్ మీది గార కూడా చూద్దామని ఆమె పై మూత విప్పింది.

అక్కడ వాల్వ్ లేదు. ఇత్తడి ప్లగ్ ఉంది.

పక్క గదిలోంచి నీళ్ళ చప్పుడు. ఎవరో స్నానం చేస్తున్నారు. అవతలి గదిలోనూ. మధ్యాహ్నం డ్యూటీకి వెళ్ళేవాళ్ళంతా ఆ వేళకు నీళ్ళు పోసుకుంటారు.

ఆమె వరండాలోకి పరుగెత్తింది. మెయిన్ స్విచ్ ఎక్కడని అరిచింది. ఖాసీం చూపించాడు. మొత్తం వరుసకు కరెంటు తీసేసింది. తలుపులు బాదారు. సబ్బు నురగతో, తువ్వాళ్ళతో పదకొండు మంది బయటికొచ్చి, ఏమైందో తెలియక చలిలో నిలబడ్డారు.

పన్నెండున్నరకు కెప్టెన్ వచ్చాడు. సునంద ఫోన్‌లో అడిగినందుకు లస్మయ్యనూ వెంట తెచ్చాడు. ఫారం ఆఫీసు గదిలో సురేందర్, ఖాసీం. టేబుల్ మీద వరసగా, ఈలోగా అన్ని హీటర్ల నుంచీ విప్పి తెచ్చిన పద్నాలుగు ప్లగ్‌లు, తెల్లటి ముఖం పైకి పెట్టి.

సునంద ఎవరినీ ఎక్కువసేపు ఆగనివ్వలేదు. పద్నాలుగింటి మీదా గార దాదాపు ఒకే మందం అని చూపించింది. ఒకే రకం ప్లగ్, మర మీద చుట్టింది ఒకే రకం టేపు. ఒకే రోజున, ఒకే చేతి మీదుగా పడ్డవి. తొమ్మిదో గది ఎలిమెంట్ పక్కన పెట్టి చూస్తే నెలల వ్యవహారం కాదు, ఏళ్ళది. ఇమామ్ ఖతర్ వచ్చి ఎనిమిది నెలలు. లస్మయ్య ఈ కంపెనీలో చేరి పద్నాలుగు నెలలు. హీటర్లు పెట్టి రెండేళ్ళ రెండు నెలలు. పేలిన ట్యాంకు లోపలి గోడకు పట్టిన గారా ఇంతే మందం. అంటే పెట్టిన రోజుల్లోనే వాల్వ్‌లు తీసేశారు.

తర్వాత ఇన్‌స్టాలేషన్ సర్టిఫికెట్ తీసి కెప్టెన్ ముందుంచింది. ఉదయం సురేందర్ ఇచ్చిన కాగితాల్లోదే. దగ్గరుండి పని చేయించినట్టు, పద్నాలుగు వాల్వ్‌లు పరీక్షించినట్టు సంతకం.

"ఈ సంతకం మీదే కదా సురేందర్ గారూ?"

అతను సంతకం వైపు చూడలేదు. లస్మయ్య వైపు చూశాడు.

"పంపు ప్రెషర్ ఎక్కువుండె," అన్నాడు చివరికి. "వాల్వ్‌లన్ని కారినయి. గోడలు తడుస్తున్నయని ఫారం వాళ్ళు పని ఒప్పుకోలే. ప్రెషర్ తగ్గించే సామాను రావాల్నంటే నెల. ప్లగ్‌లు కొట్టించిన. కొత్త హీటర్లు, థర్మోస్టాట్ ఉన్నది గద, ఏం గాదనుకున్న."

సునంద ఆ మాటలు కెప్టెన్‌కు ఇంగ్లీషులో చెప్పి, సురేందర్ వైపు తిరిగింది. "మొదటి ఏడాది ఏం కాలేదు," అంది. "రెండో ఏడాదీ కాలేదు. లోపల మాత్రం రోజూ గార పట్టింది. థర్మోస్టాట్ కొట్టుకుని కొట్టుకుని అరిగింది. అది ఆగిన రోజున కాపాడాల్సిన వాల్వ్ మీరు పీకేశారు. అది మీకు పన్నెండో తేదీనే తెలుసు. తెలిసి ఈయన పేరు చెప్పారు. మూడు రోజులు ఆ పదమూడు గదుల్లో మనుషులు స్నానాలు చేస్తుంటే ఊరుకున్నారు."

సురేందర్ లస్మయ్య దగ్గరికి ఒక అడుగు వేశాడు. "కాకా" అన్నాడు. లస్మయ్య తల తిప్పుకున్నాడు.

సురేందర్‌ను జీపు ఎక్కించారు. ఖాసీం వరండాలోకి వెళ్ళి ప్రొద్దుటూరుకు ఫోన్ కలిపాడు. అతని గొంతు లోపలికి వినిపించింది. ఇమామ్ తప్పేం లేదమ్మా అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెబుతున్నాడు.

ఒంటిగంటకు ఇంకా అయిదు నిమిషాలు. కెప్టెన్ ఫైలు మూసి, లస్మయ్య తన కంపెనీ క్యాంప్‌కు వెళ్ళొచ్చని చెప్పాడు. సునంద తెలుగులో చెప్పింది. లస్మయ్య కదల్లేదు.

"మేడమ్, ఒకటి నిజం చెప్పుండ్రి. ఆ రోజు నేను ఒక్క పై మూతన్న ఇప్పి చూస్తే, ఇమామ్ బతికేటోడా?"

ఆమెకు అబద్ధం చెప్పాలనిపించింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ అనిపించలేదు.

"బతికేవాడు," అంది.

లస్మయ్య తల ఊపాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని కెప్టెన్ ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

"నేను సూడకుండనే పద్నాలుగు టిక్కులు పెట్టిన. అది గూడ రాసుకోమనుండ్రి. సార్‌కు ఇంగ్లీష్‌ల చెప్పుండ్రి."

ఇక అవసరం లేదని, ఇది అతనికే చేటని ఆమె చెప్పి చూసింది. అతను చేతులు టేబుల్ మీద పెట్టి కూర్చునే ఉన్నాడు. కెప్టెన్ మూసిన ఫైలు మళ్ళీ తెరిచాడు. సునంద అతని మాటలను ఒక్కొక్కటే ఇంగ్లీషులోకి మార్చి చెప్పసాగింది.