నొక్కుడు పెట్టెలో ఊపిరి

ఆదోనిలో ఎమ్మిగనూరు రోడ్డు మీద మూతపడ్డ, పత్తి నుంచి గింజలు తీసే జిన్నింగు మిల్లొకటి ఉండేది. పగలు ఆ గోడకు మూత్రం పోసే మొనగాళ్ళు కూడా చీకటి పడితే రోడ్డు అవతలి అంచున, సైకిలు బెల్లు కొట్టకుండా పోయేవాళ్ళట. బెల్లు కొడితే దేవక్క లేస్తుందని భయం. దేవక్క ఆ మిల్లులో పత్తి ఎత్తే కూలిమనిషి. ఒకనాడు పత్తి కుప్పల మధ్యే కూలబడి, ఊపిరాడక చనిపోయింది. అప్పటినుంచి మిల్లు గోడౌనులో ఎవరో ఊపిరి కోసం తన్నుకులాడుతుంటారని చెప్పుకునేవాళ్ళు.

సరిగ్గా ఆ గోడౌనే కావలసి వచ్చింది రేడియో మెకానిక్ ఖలందర్‌కి. ఎనభై మూడో, ఎనభై నాలుగో... నాకు చెప్పినవాళ్ళకే గుర్తులేదు. అమ్ముడుపోని పత్తి బేళ్ళు అక్కడ గోడల పొడుగునా పేర్చి ఉండేవి. ఎంత గట్టిగా పాడినా శబ్దం కంగుమని తిరిగి రాదు. పాట రికార్డు చేయడానికి అంత మెత్తటి గది ఊళ్ళో మరొకటి లేదు.

పాట ఉరుకుందప్పది. డెబ్బై దాటిన, తత్వాలు పాడే ముసలాయన. గొంతులో గడ్డ లేచింది. పది రోజుల్లో కోస్తామన్నారు డాక్టర్లు. కోస్తే ఇక పాట ఉండదు. ఆ పది రోజుల్లో పట్టుకుంటేనే ఆ గొంతు మిగిలేది.

చిక్కేమిటంటే, ఆయన ఒక చరణం ఉరిమినట్టు పాడి తర్వాతిది గొణుగుతాడు. ఉరిమింది టేపులో పగిలిపోతుంది, గొణిగింది టేపు మోతలో మునిగిపోతుంది. అందుకే ఖలందర్ ఏదో పత్రికలో బొమ్మ చూసి ఒక పెట్టె కట్టాడు. అది గట్టి శబ్దాన్ని నొక్కేసి, సన్నటిదాన్ని పైకి లేపుతుంది. అప్పుడు పాటంతా ఒకే మోతాదులో వినపడుతుంది. ఖలందర్ దాన్ని కంప్రెసరు అన్నాడు. ఉరుకుందప్ప నొక్కుడు పెట్టె అన్నాడు.

మూడో రాత్రి. ఖలందర్ తల్లి కుల్సుంబీ ఎప్పటిలాగే చెంబులో టీ తెచ్చింది. ఇరవై ఏళ్ళు ఆ మిల్లులోనే పనిచేసిన మనిషి, పత్తి ఎత్తడంలో దేవక్కకు జోడీ. కొడుకు దెయ్యం కొంపలో ఉంటే ఆమెకు ఇంట్లో కాలు నిలవదు. పత్తి దుమ్ము పడదంటూ కొంగు నోటికడ్డం పెట్టుకుని, తలుపు బయట గడప దగ్గర కూర్చుంది.

ఉరుకుందప్ప చరణం ముగించి ఆగాడు... ఖలందర్ హెడ్‌ఫోన్లలో ఏదో కదిలింది.

హూ... హూ...

పాట మొదలైంది — అది మాయమైంది. పాట ఆగింది — మళ్ళీ అదే, నేల కిందనుంచి పాకి వస్తున్నట్టు.

"అప్పా... నీ ఊపిరేనా?"

"నాదెట్లయితాది? బిగపట్టినాను కదా."

"ముక్కు మూసుకో. నేనూ మూసుకుంటా."

ఇద్దరూ ముక్కూ నోరూ అదిమిపట్టుకున్నారు. టేపు తిరుగుతోంది. రికార్డరు మీది ముల్లు మెల్లగా లేస్తోంది... హూ... సన్నటి ఈలతో, దగ్గరగా — ఇంకా దగ్గరగా.

"ఈడ ఉండేది మనమిద్దరమే కదప్పా..." ఖలందర్ గుసగుసలాడాడు.

ఉరుకుందప్ప హెడ్‌ఫోన్లు లాక్కుని విన్నాడు. ముఖంలో నెత్తురుచుక్క లేదు. "దేవక్క..." అని తంబూర చంకన పెట్టుకున్నాడు. "పాట పోతే పోనీ. నేనింక ఈడికి రాను."

ఆ రాత్రి ఖలందర్‌కు భయం కన్నా కడుపుమంటే ఎక్కువైంది. చేతికందిన గొంతు చేజారిపోయింది మరి. తప్పు పెట్టెదేమో, ఏదైనా వైరు వదులైందేమో చూద్దామని ఇంట్లోనే మైకు తగిలించాడు. ఊరంతా సద్దుమణిగింది. పెట్టె ఆ నిశ్శబ్దాన్నే పైకి లేపింది.

హూ... హూ...

వెంటపడి ఇంటికే వచ్చిందా? హెడ్‌ఫోన్లు తీశాడు — ఏమీ లేదు. పెట్టుకున్నాడు — ఉంది. మైకు వాకిలి వైపు తిప్పాడు. తగ్గింది. వంటింటి వైపు తిప్పాడు... పెరిగింది. వైరు వచ్చినంత దూరం నడిచి, పరదా పక్కకు లాగాడు.

చీకట్లో గోడకానుకుని కుల్సుంబీ కూర్చుని ఉంది. కొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకుంది. రొమ్ము ఎగిసెగిసి పడుతోంది.

"అమ్మా! ఎన్నాళ్ళ నుంచి?"

ఆమె కొంగు తీసి సిగ్గుపడింది. "నీకు వినపడెనా? రెండేండ్లయితాంది. గడప కాడ కూడా అణుచుకునే కూకుంటాంటి... నీ రికార్డు చెడిపోతాదని."

ఇద్దరమే అన్నాడు తను. గడప దగ్గరున్న తల్లి లెక్కలోకే రాలేదు. ఖలందర్ ఏడ్చేశాడు.

"పొద్దున్నే కర్నూలు ఆసుపత్రికి పోదాం," అన్నాడు కాసేపటికి. "పోతూ పోతూ ఉరుకుందప్పకు చెప్పిపోతా. ఆడ దేవక్క లేదు, పాడొచ్చని."

"పాడమను. దేవక్క లేదని మాత్రం చెప్పొద్దురా." కుల్సుంబీ ఊపిరి కోసం ఆగింది. "దాని రొమ్ము కూడా ఇట్లే ఈలేస్తాండె. పని ఎగ్గొట్టనీకి నాటకాలాడతాందని అందరూ అనిరి..."

ఆమె కొంగు ఉండ విప్పి, మోకాలి మీద సాపు చేసుకుంది.

"నేనూ అంటిని."